కొలతలన్నీ సరిపోయినా బొమ్మకారులాగే ఉన్న అంబాసిడర్: ఒక 1:24 మోడల్ కేసు

మోడల్ చూడ్డానికి ఏదో తేడాగా ఉంటే మనలో చాలామంది ముందు డిటైలింగ్ తక్కువైందనుకుంటాం. ఇంకో వైపరు, ఇంకో బ్యాడ్జీ, ఇంజన్‌లో ఇంకో వైరు అంటించేస్తాం. ఈ కేసులో తక్కువైంది అది కాదు, అందుకే రాస్తున్నా. వాళ్ల అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరు, పేర్లు, బండి నంబరు తీసేశాను, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను.

బండి, మనుషులు

కోస్తాలో ఒక చిన్న టౌను. అక్కడ ఒకాయన చాలా ఏళ్లు సొంత అంబాసిడర్‌ని ట్యాక్సీగా నడిపారు. పెళ్లిళ్లకీ, పురిటి కేసులకీ, తిరుపతికీ అన్నిటికీ అదే బండి. ఆయన పోయారు, బండి అంతకుముందే తుక్కుకి వెళ్లిపోయింది. కొడుక్కి ఇప్పుడు నలభై దాటాయి. ఆ కారుని చిన్నగా చేసి వాళ్లమ్మకి ఇవ్వాలనుకున్నాడు. కావలసిన సైజులో కిట్ దొరక్క, రెజిన్‌లో 3డి ప్రింట్ చేయించి, యూట్యూబ్ చూసి తనే మొదలెట్టాడు. రంగు కొట్టి, అద్దాలు పెట్టి, చక్రాలు బిగించేదాకా వెళ్లి అక్కడ ఆగిపోయి నా దగ్గరికి తెచ్చాడు.

అంబాసిడర్ చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి పనికి కావలసినంత వరకే చెప్తా. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నుంచి పుట్టిన బండి. 1950ల చివర్లో బెంగాల్‌లోని ఉత్తరపారాలో మొదలై 2014 మే దాకా తయారైంది. ఒళ్లు దాదాపు అదే, మొహమే మారుతూ వచ్చింది: 1962లో మార్క్ టూ, 1975లో మార్క్ త్రీ, 1979లో మార్క్ ఫోర్. ఇక్కడే మోడలర్ ఇరుక్కుంటాడు. ఇతను ప్రింట్ చేయించిన ఫైల్లో మార్క్ టూకి ఉండే సన్నగళ్ల గ్రిల్లు ఉంది, వాళ్ల నాన్నగారి ఫొటోల్లో చూస్తే అడ్డపట్టీల గ్రిల్లు, అంటే మార్క్ త్రీ. గ్రిల్లు కోసేసి 0.25 మిల్లీమీటర్ల స్టైరీన్ (మోడల్ కిట్‌లకి వాడే ప్లాస్టిక్) పట్టీలతో కొత్తది కట్టాను. కనిపించే తప్పు కాబట్టి సులువుగా తేలిపోయింది. అసలు తలనొప్పి తర్వాత మొదలైంది.

ఫిర్యాదు ఏమిటంటే

"అన్నా, స్కేలు పెట్టి చూస్కోండి, ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. కానీ అమ్మ చూసి 'బొమ్మకారు బాగుందిరా' అంది."

వెర్నియర్ పెట్టి చూశాను, అతను చెప్పింది నిజమే. అసలు కారు ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 2464 మిల్లీమీటర్లు. 1:24 అంటే అసలులో ఇరవై నాలుగో వంతు కాబట్టి 24తో భాగిస్తే 102.7 రావాలి, వచ్చింది. పొడవు 180, వెడల్పు 69, ఎత్తు 67 దగ్గర, అన్నీ ఉన్నాయి. కానీ టేబుల్ మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగి చూస్తే ఆవిడ అన్న మాటే కరెక్టు. బొమ్మకారే.

అతని కోరిక మాత్రం వేరేలా ఉంది. డాష్‌బోర్డు మీద దేవుడి పటం పెట్టండి, బంపర్‌కి నిమ్మకాయ మిరపకాయలు కట్టండి, క్యారియర్ మీద లగేజీ పెట్టండి, అప్పుడు మా కారులా ఉంటుంది అన్నాడు. నేను కాసేపు ఆగుదామన్నాను. బొమ్మకారుకి నిమ్మకాయ కడితే నిమ్మకాయ కట్టిన బొమ్మకారు అవుతుంది, అంతే. ముందు ఏది బొమ్మగా చూపిస్తోందో తేల్చాలి.

మొదటి అనుమానం పెయింటు మీద

రంగు బండి టచప్‌లకి వాడే స్ప్రే డబ్బాతో కొట్టాడు. కింద సిల్ (తలుపుల కింది అంచు) దగ్గర పెచ్చు లేచిన చోట కొలిస్తే ప్రైమర్, రంగు, క్లియర్ (పైన వేసే రంగులేని పూత) అన్నీ కలిపి పావు మిల్లీమీటరు మందం ఉంది. ఇక్కడ నేను ఎప్పుడూ చేసే లెక్క ఒకటుంది: మోడల్ మీద ఉన్న ప్రతి మందాన్నీ 24తో గుణించి, అది అసలు కారు మీద ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోవడం. పావు మిల్లీమీటరు అంటే అసలు కారు మీద ఆరు మిల్లీమీటర్లు. మామూలు కారు మీద రంగు మొత్తం కలిపి మిల్లీమీటరులో పదోవంతు ఉంటుందేమో. అంటే ఈ కారుకి రంగు వేయలేదు, లప్పం పూశారు! తలుపుల సందులన్నీ పూడుకుపోయి గుండ్రటి కాలవల్లా తయారయ్యాయి, వాన నీళ్లు జారడానికి తలుపుల పైన ఉండే గట్టు దాదాపు మాయమైంది. మనం పొడవూ వెడల్పూ భాగించడం మర్చిపోం, మందాన్ని భాగించడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

తీయాలి, సరే. ఎలా? ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌లో దూదిని ముంచి కారు లోపలివైపు పెట్టి చూశాను. ఆ రంగుకి చీమ కుట్టినట్టయినా లేదు. ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ రంగులకి వాడే ద్రావకం) రంగుని తీస్తుంది గానీ రెజిన్‌ని ఏం చేస్తుందో నమ్మకం లేదు. యూవీ రెజిన్ (ఈ ప్రింట్‌కి వాడిన రకం) స్టైరీన్‌లా కరిగిపోదు గానీ ద్రావకాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది. బ్రేక్ ఆయిల్ స్టైరీన్ కిట్‌ల మీద చాలామందికి పనిచేసిన మందు కాబట్టి ప్రింట్‌తో పాటు వచ్చిన అదనపు బంపర్‌ని అందులో నానబెట్టాను. రంగు ఊడింది, దాంతో పాటు బంపర్ సన్నటి అంచు కూడా గోరుతో నొక్కితే దిగిపోయేంత మెత్తబడింది. బాడీలో కిటికీ స్తంభాలు అంతకన్నా సన్నం. అక్కడితో కెమికల్స్ ఆలోచన మానేశాను.

ఇక మిగిలింది వాటర్ పేపర్. 600 నంబరు పేపర్‌తో మొదలెట్టి 1500 దాకా, ఎప్పుడూ తడిగానే, మూతికి మాస్కుతోనే. రెజిన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఈ ముక్క పక్కన రాసిపెట్టుకోండి. రంగు పూర్తిగా తీసే ప్రయత్నం చేయలేదు. రూఫు, బానెట్, డిక్కీ మీద ప్రైమర్ కనిపించేదాకా తీసి ఆపాను, ఎందుకంటే పూర్తిగా తీయాలంటే బానెట్ మీది ఆకారపు గీతలు కూడా అరిగిపోతాయి. సందులు విడిగా తవ్వాలి. అసలు కారుకి తలుపు సందు ఐదు మిల్లీమీటర్లనుకుంటే మనకి 0.2 చాలు. 0.15 మిల్లీమీటర్ల బ్లేడుతో, గట్టిగా నొక్కకుండా, ఒకే వైపు లాగుతూ పోవాలి. స్టైరీన్‌లో బ్లేడు జుట్టులా తీగ లేపుతుంది, రెజిన్‌లో పెళుసుగా ముక్కలు రాలుస్తుంది, తొందరపడితే తలుపు అంచే లేచిపోతుంది.

తర్వాత మిస్టర్ సర్ఫేసర్ 1500 అనే ప్రైమర్‌ని పల్చగా కలిపి ఎయిర్‌బ్రష్‌తో ఒక పొర, దాని మీద లాకర్ (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే) రంగు పల్చపల్చగా. మా బెజవాడలో శ్రావణ మాసంలో లాకర్ కొడితే ఏమవుతుందో కొట్టినవాళ్లకి తెలుసు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ దాని మీద దిగి, తెల్లటి పొగలా పట్టేస్తుంది. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) కలపడం, మధ్యాహ్నం పూట ఏసీ గదిలో కొట్టడం తప్ప వేరే మంత్రం లేదు.

రంగు చక్కగా వచ్చింది, సందులు సన్నగా తేలాయి. ఫొటో తీసి పంపాను. "సూపర్ అన్నా" అని మెసేజ్ వచ్చింది, కాసేపటికి ఇంకోటి: "కానీ ఇప్పుడు ఖరీదైన బొమ్మకారులా ఉంది." నిజం చెప్పాలంటే నాకూ అలాగే ఉంది. పెయింటు ఒక కారణమే గానీ అసలు కారణం అది కాదు.

చూసే ఎత్తు మార్చాక

మనం మోడల్‌ని ఎప్పుడూ పైనుంచి చూస్తాం. నిజం కారుని అలా చూడాలంటే మూడో అంతస్తు ఎక్కాలి. నిలబడ్డ మనిషి కన్ను నేల నుంచి సుమారు 1.55 మీటర్ల ఎత్తులో ఉంటుంది, 24తో భాగిస్తే 65 మిల్లీమీటర్లు, దాదాపు అంబాసిడర్ రూఫు ఎత్తే. పోల్చి చూడ్డానికి మంచి ఫొటో ఒకటుంది. ప్రయాణానికి బయల్దేరేముందు ఇంటి ముందు, పూర్తిగా పక్క నుంచి తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫొటో. తీసినవాళ్లు కారుకి ఒక ఆరు మీటర్ల దూరంలో ఉన్నారని రోడ్డు వెడల్పుని బట్టి అంచనా వేశాను, అంటే మనకి పాతిక సెంటీమీటర్లు. దూరం ఎందుకంటే, ఫొటోలో ముందుభాగం ఎంత పెద్దగా, వెనక ఎంత చిన్నగా పడుతుందో నిర్ణయించేది లెన్స్ కాదు, దూరమే. ఫోన్ లెన్స్‌ని ఆ ఎత్తులో ఆ దూరంలో పెట్టి తీసి, దాన్నీ బ్లాక్ అండ్ వైట్ చేసి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాను.

ఫొటోలో రంగు పోయేసరికి దాగినవన్నీ బయటపడ్డాయి. చక్రాలు! ప్రింట్‌తో పాటు వచ్చిన టైర్లు ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నాయి. 24తో గుణిస్తే 192, అది ఈ కాలం కారు టైరు. అప్పటి అంబాసిడర్‌కి వేసే 5.90-15 టైరు వెడల్పు ఐదు ముప్పావు అంగుళాల పైన, సుమారు 150 మిల్లీమీటర్లు, అంటే మనకి ఆరు చిల్లర. పైగా పాత బండి టైరు ఎత్తుగా, సన్నగా, మడ్గార్డు లోపలికి జరిగి ఉంటుంది. ఇక్కడ బయటికి పొడుచుకొచ్చి స్పోర్ట్స్ కారులా కనిపిస్తోంది. టైర్లని డ్రిల్లుకి బిగించి తిప్పుతూ లోపలివైపు అరగదీశాను, బయటి ముఖం చెక్కుచెదరకుండా. కింద నేలకి ఆనే చోట కొంచెం చదును చేశాను, లేకపోతే టన్ను పైన బరువున్న బండి టేబుల్ మీద తేలుతున్నట్టుంటుంది.

రెండోది ఎత్తు. ఇది నాకంటే ముందు అమ్మగారు పట్టుకున్నారు. వీడియో కాల్‌లో మోడల్ చూపిస్తుంటే, "బాబూ, వెనకాల అంత లేచి ఉండేది కాదు. ఆయన ఎప్పుడూ కమాన్ కట్టలు మార్పించాలి, మార్పించాలి అనేవారు," అన్నారు. కమాన్ కట్టలంటే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు. అంతే, విషయం అర్థమైంది. ఫైల్ చేసినవాళ్లు కంపెనీ డ్రాయింగ్ కొలతలు తీసుకున్నారు, అందులో తప్పేం లేదు. కానీ ఇది షోరూమ్ బండి కాదు, ఏళ్ల తరబడి ఏడెనిమిది మందినీ వాళ్ల సామాన్లనీ మోసిన ట్యాక్సీ. అంబాసిడర్‌కి ముందు టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్ కట్టలు. ఎక్కువ బరువంతా వెనకే పడేది కాబట్టి కుంగేది కూడా వెనకే.

ఎంత కుంగిందో ఊహించి పెట్టకూడదు. పక్క ఫొటోలో చక్రాల మధ్య దూరం తెలుసు, 2464. దాన్నే కొలబద్ద చేసుకుని, చక్రం మధ్య బిందువు నుంచి మడ్గార్డు అంచు దాకా ముందూ వెనకా కొలిచాను. ముందు మోడల్‌కీ ఫొటోకీ తేడా లేదు. వెనక మాత్రం అసలు కారు నలభై మిల్లీమీటర్ల వరకు కింద ఉంది, మన స్కేలులో 1.7. అంతా దించలేదు. ఫొటోలో కారు నిండా జనం ఉన్నారు, మోడల్ ఖాళీగా నిలబడే కారు. జనం బరువుకి దిగింది కొంత, కట్టలు అరిగిపోయి దిగింది కొంత, మనకి కావలసింది రెండోదే. ఒక మిల్లీమీటరు దగ్గర ఆగాను. ఇరుసుని అంటించకుండా రెండు చిన్న స్క్రూలతో బిగించి, మధ్యలో స్టైరీన్ షిమ్ములు (ఎత్తు సర్దే పల్చటి బిళ్లలు) పెట్టుకునేలా చేశాను, అభిప్రాయం మారితే మళ్లీ కోయక్కర్లేకుండా.

ఈ ఒక్క మిల్లీమీటరు మొత్తం పెయింటు పనికన్నా ఎక్కువ మార్పు తెచ్చింది. అదే ఎత్తు నుంచి మళ్లీ ఫొటో తీస్తే మొదటిసారి అది బరువున్న వస్తువులా కనిపించింది.

అద్దాలు, మెరుపు

అద్దాలు పారదర్శక రెజిన్‌లో ప్రింట్ చేసినవి, మిల్లీమీటరు మందం. మళ్లీ 24తో గుణించండి: ముఖ్యమంత్రి కాన్వాయ్‌కి వాడొచ్చు. పైగా పసుపు రంగుకి తిరుగుతున్నాయి, సూపర్ గ్లూతో అంటించడంతో దాని ఆవిరి అంచుల్లో తెల్లగా పేరుకుంది. అన్నీ పీకేసి జిరాక్స్ షాపులో దొరికే ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) కోసి పెట్టాను. చాలా పల్చన, ముందు అద్దం వంపుకి తనే వంగుతుంది. ఫెవికాల్‌ని పుల్లతో కొంచెం కొంచెం రాసి అంటిస్తే ఆరాక కనపడదు. లోపల సీట్లు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు స్పష్టంగా కనిపించడం మొదలయ్యాయి, వాటికి నేను ఏమీ చేయకుండానే.

రంగు, మెరుపు దగ్గర మాత్రం నా గుణకారం పనికిరాలేదు. మందాన్ని భాగించొచ్చు, వెలుతురుని భాగించలేం. క్రీమ్ రంగు అసలు షేడ్ ప్రకారం కలిపితే చిన్న కారు మీద బటర్‌స్కాచ్ ఐస్‌క్రీమ్‌లా పసుపు కొట్టింది. చిన్న మోడల్‌కి రంగు కాస్త తేలిక చేయాలి, తెలుపు కలపాలి అని మోడలర్లు చెప్పుకునే సూత్రం ఉంది కదా, అలాగే కలిపితే ఫ్రిజ్ తలుపులా తెల్లబడిపోయింది. ముదురు రంగులకి ఆ సూత్రం బాగానే నడుస్తుంది, క్రీమ్ లాంటి వాటికి సమస్య ముదురుతనం కాదు, పసుపు. అందుకని తెలుపు మానేసి చిటికెడు లేత బూడిద రంగు కలిపాను, పసుపు నోరు మూసుకుంది. క్లియర్ కోటు అద్దంలా మెరవాలని అతను మొదట్నుంచీ అంటున్నాడు. ప్లాస్టిక్ స్పూన్ల మీద అదే రంగు కొట్టి, ఒకదాని మీద పూర్తి మెరుపు క్లియర్, ఒకదాని మీద సగం మెరుపు క్లియర్, ఒకదాని మీద రెండూ కలిపి కొట్టి, ఏది ఏదో చెప్పకుండా పంపాను. వాళ్లమ్మ కలిపిన దాన్ని తీసి పక్కన పెట్టారట. వారానికోసారి తుడిచే ట్యాక్సీకి ఉండే మెరుపు అదే. వాదన అక్కడితో అయిపోయింది.

క్రోమ్ సంగతి క్లుప్తంగా: కిటికీల చుట్టూ బేర్ మెటల్ ఫాయిల్ (అంటుకునే పల్చటి లోహపు రేకు), కొత్త బ్లేడు, ఇయర్ బడ్‌తో రుద్దడం. బంపర్లకి మొలొటోవ్ క్రోమ్ పెన్ను. అది అచ్చం అద్దంలా మెరుస్తుంది, పాత బంపర్‌కి అది ఎక్కువే. దాని మీద ఏ క్లియర్ కొట్టినా బూడిదగా మారిపోతుందని అందరూ భయపడతారు, ఇక్కడ మాకు కావలసింది కాస్త మారడమే కాబట్టి బాగా ఆరనిచ్చి పల్చగా కొట్టాను. సందుల్లో నల్ల వాష్ (సందుల్లోకి పారే పల్చటి రంగు) వాడలేదు. క్రీమ్ కారు మీద నల్లగీత పెన్సిల్‌తో గీసిన బొమ్మలా ఉంటుంది, బూడిద కలిసిన గోధుమ రంగు చాలు.

చివర్లో డిటైలింగ్

ఇప్పుడు అతని లిస్టు మళ్లీ తీశాం. నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ మనకి 1.7 మిల్లీమీటర్లు, ఎపాక్సీ లప్పంతో ఉండ చేసి రాగి తీగకి గుచ్చాను. దేవుడి పటం డాష్‌బోర్డు మీద పెట్టాను, ఓహెచ్‌పీ అద్దం లోంచి చక్కగా కనిపిస్తుంది. క్యారియర్, లగేజీ వద్దన్నాను. వెనక కుంగడం చూసినవాడు అది ఏళ్ల బరువని అనుకోవాలి, పైన పెట్టెలు పెడితే వాటి బరువనుకుంటాడు. అతను కాసేపు బతిమాలాడు గానీ ఒప్పుకున్నాడు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి రెండు. పని ఒప్పుకునే ముందు "ఏ మోడల్, ఏ రంగు" తో పాటు "ఆ బండి ఏ పని చేసేది, ఎంత పాతబడ్డాక గుర్తుంది" అని అడుగుతున్నాను, డ్రాయింగ్ ఇవ్వలేని కొలత అక్కడే దొరుకుతుంది. రెండోది, రంగు వేయకముందే, ఉత్త ప్రైమర్ మీద, 65 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి ఫొటో తీసి చూస్తున్నాను. నిలబడే తీరు తప్పయితే అప్పుడే తెలిసిపోతుంది, పెయింటు తర్వాత చక్రాల పని పెట్టుకుంటే వేలిముద్రలతోనే సగం పని.

మోడల్ చూసి అమ్మగారు ఏమన్నారంటే, డ్రైవర్ పక్క తలుపు అద్దం సగం దించి ఉండాలన్నారు, ఆయన మోచెయ్యి ఎప్పుడూ అక్కడే ఉండేదట. ఓహెచ్‌పీ ముక్క కాబట్టి పీకి కోసి మళ్లీ పెట్టడం తేలికే అయింది. కొడుకు మాత్రం వెనక ఇంకా ఎక్కువ కుంగిందనే అంటున్నాడు. షిమ్ములు చిన్న కవర్‌లో వేసి, స్క్రూడ్రైవర్‌తో పాటు పెట్టెలోనే పెట్టిచ్చాను. లేపాలనుకుంటే రెండు స్క్రూలు విప్పితే చాలు, వాళ్లమ్మని ఒప్పించుకోవడం అతని పని.